ఎవరి బొత్తాలు వాళ్ళే

జూలై 4, గురువారం

అక్కా,

ఫోనుండగా ఉత్తరమేమిటి, దీనికేమైనా పిచ్చా అని నువ్వు అనే మాట ఇక్కడిదాకా వినబడింది. ఫోన్ చేస్తే నీవైపు కుట్టుమిషన్ చప్పుడు, నావైపు ఏడుపు. మధ్యలో "తిన్నావా?" ఒక్కటే మిగులుతుంది. ఉత్తరంలో అయితే ఏడ్చినా అక్షరాలు చెదరవు. (పైన ఒకచోట చెదిరింది. అది మంచినీళ్ళ గ్లాసు పని.)

నా గది మూడో అంతస్తులో. ఒక మంచం, ఒక కిటికీ, ఒక బకెట్టు. బట్టలు నేనే ఉతుక్కున్నాను. తెల్ల డ్రస్సు ఇప్పుడు నీలం డ్రస్సు. నీలం డ్రస్సు ఏ రంగో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. మాటలంటే గుర్తొచ్చింది, కొత్త మాటలు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు కొన్నాను. మొదటి పేజీలో మొదటి మాట: "స్వావలంబన". అంటే తన కాళ్ళ మీద తాను నిలబడటం. ఎంత బాగుందో! రోజుకు పదిసార్లు అనుకుంటున్నాను, మెట్లెక్కి ఆయాసపడుతూ కూడా.

ఇక ట్రైనింగు సంగతి. మా కాలేజీని ఆనుకునే చిన్నపిల్లల బడి ఉంది. మాలో ఒక్కొక్కరికి ఒక్కో బిడ్డను అప్పగిస్తారు. మూడు నెలలు ఆ బిడ్డను గమనించి, పన్నెండు ప్రశ్నల పట్టిక నింపి, పైతరగతికి పంపవచ్చా, కింది తరగతిలోనే ఇంకో ఏడాది ఉంచాలా అన్నది మేం రాయాలి. తీర్పు పెద్ద టీచరుగారిదే కాని, ఆవిడ మా కాగితం చూసే తీర్పిస్తారట. ఒక బిడ్డ ఏడాది కాలం నా చేతుల్లో ఉందక్కా! ఆ చేతులే నిన్న అన్నం వార్చుకుంటూ కాల్చుకున్నాను. కాగితాల్లో పిల్లల పేర్లు రాయకూడదు, నంబర్లే. నాకు వచ్చింది పదకొండో నంబరు, నాలుగేళ్ళ పిల్ల.

నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఈ ఏడాదంతా నీ సాయం ఒక్కటి కూడా తీసుకోను. ఏమీ పంపకు. ఏమీ కుట్టకు. నన్ను నా కాళ్ళ మీద నిలబడనివ్వు.

బావని అడిగానని చెప్పు. అమ్మకి ఆసుపత్రిలో డ్యూటీ మారిందా?

నిలబడే ఉన్న
నీ చెల్లెలు

తా.క.: అన్నం అడుగంటితే గిన్నె ఎలా తోమాలి? ఇది సాయం కిందికి రాదు. సమాచారం.


జూలై 12

ఒసేయ్ పండితురాలా,

గిన్నెలో నీళ్ళు పోసి పొద్దున్నుంచి సాయంత్రందాకా నాననివ్వు. గోళ్ళతో గీకకు. ఇది సమాచారమే, కంగారు పడకు.

నువ్వు నీ కాళ్ళ మీద నిలబడ్డావని విని మీ బావ చాలా సంతోషించాడు. "ఇదివరకు దేనిమీద నిలబడేది?" అని అడిగాడు. నేను నా నెత్తి చూపించాను.

నువ్వు రాసిన ఆ మాట పైకి చదివాను. స్వా... వ... దాన్ని పలకడానికే నాకు ఇద్దరి సాయం కావాలి. మన వాడుకలో దానికి మాట లేదా? ఉండే ఉంటుంది. అంత గొప్పగా వినబడదు కాబట్టి నీ పుస్తకంలోకి ఎక్కలేదు.

ఇక్కడ బడి యూనిఫాంల రోజులు. ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు. చొక్కాకి ఐదు బొత్తాలు, ఐదు కాజాలు, కాజా చుట్టూ చేతికుట్టు. కళ్ళు మూసుకుంటే కాజాలే కనిపిస్తున్నాయి, నన్ను ఐదేసి కళ్ళతో చూస్తున్నట్టు.

ఏమీ కుట్టొద్దన్నావు. నీ మాట నా దగ్గరికి చేరేసరికే మూడు డ్రస్సులు అయిపోయాయి. అటు వస్తున్న ఒకావిడ చేతికిచ్చి పంపుతున్నాను. వెనకవైపు బొత్తాలు, ఆరేసి. ఇప్పుడందరూ అలాగే కుట్టించుకుంటున్నారు. నువ్వు పల్లెటూరి పిల్లలా ఉండకూడదని.

ఆ పన్నెండు ప్రశ్నలు ముందు నీకు నువ్వే వేసుకుని చూడు. ఎన్ని వచ్చాయో నాకు రాయనక్కర్లేదు, ఊహించుకోగలను.

నీ నెత్తిమీది అక్క... కాదు, నువ్వు నెత్తిమీదున్న అక్క


ఆగస్టు 2

అక్కా,

డ్రస్సులు అందాయి. చాలా బాగున్నాయి. రోజూ వేసుకుంటున్నాను.

మొత్తానికి నా పదకొండును నెలరోజులు చూశాను. బుగ్గలు, రెండు పిలకలు, మాట తక్కువ. మధ్యాహ్నం పిల్లలందరినీ చొక్కాలు విప్పించి పడుకోబెడతాం. లేచాక ఎవరి చొక్కా వాళ్ళు తొడుక్కోవాలి. నాలుగో నంబరు అని ఒక పిల్లాడున్నాడు, వాడైతే నిమిషంలో బొత్తాలు పెట్టుకుని, బూట్లు వేసుకుని, తలుపు దగ్గర పెద్దమనిషిలా నిలబడతాడు. వాణ్ణి చూస్తే నాకే సిగ్గేస్తుంది. మా పదకొండేమో చొక్కా తొడుక్కుని, ముందంతా తెరిచి పెట్టుకుని, గడ్డం పైకెత్తి నిలబడుతుంది. ఎవరో ఒకరు వచ్చి పెట్టాలి. వస్తారు కూడా, అదే ఆశ్చర్యం. ఆ తర్వాత ఇది వెళ్ళి ఇంకో నలుగురికి పెడుతుంది. కాని పట్టికలో "తన బొత్తాలు తానే పెట్టుకుంటుందా?" అనే ఉంది. లేదు. సున్నా.

డబ్బా మూత తెరవగలదు, కాని ఎదురుగా కూర్చున్న పిల్ల తెరిచేదాకా తెరవదు. సున్నా. "నీకేం కావాలమ్మా?" అంటే "మాకు నీళ్ళు" అంటుంది. ఆ "మాకు"లో ఎవరెవరున్నారో తెలియదు. సున్నా. అసలైనది విను. "నీ బొమ్మ గియ్యి" అని కాగితమిచ్చాను. ఎనిమిదిమందిని గీసింది, ఒకరి చెయ్యి ఒకరికి తగిలించి. "ఇందులో నువ్వెవరు?" అంటే కాగితం మీద అరచెయ్యి పరిచేసింది. మొత్తం కాగితం మీద! నేను వెంటనే రాసుకున్నాను: "నేను అనే భావన ఏర్పడలేదు." పన్నెండుకి మూడు వచ్చాయి.

కారణం కూడా కనిపెట్టాను. బడి కాగితాల్లో ఉంది: తల్లి పనికి పోతుంది, ముసలి నాయనమ్మకు మోకాళ్ళ నొప్పులు, పిల్లను చూసుకునేది ఏడేళ్ళ అన్నయ్య. నోటుబుక్కులో ఇలా రాశాను: "పెంచే వయసు లేనివాళ్ళు పెంచితే ప్రేమ ఉంటుంది కాని పద్ధతి ఉండదు. చేతికింది బిడ్డను బొమ్మలా ఆడుకుంటారు. ఆ బిడ్డకూ చేతులున్నాయన్న సంగతి వాళ్ళకు తోచదు." వాక్యం ఎలా వచ్చింది? నేనైతే మూడుసార్లు చదువుకున్నాను.

ఎవరి సాయమూ లేకుండా ఇంత కనిపెట్టిన
నీ చెల్లెలు


ఆగస్టు 11

చెల్లెలికి,

ఉత్తరం అందింది. విషయం అర్థమైంది. నీకు చేతులున్నాయి. ఇకమీదట నావైపునుంచి నీకు ఏ ఇబ్బందీ ఉండదు.

ఇక్కడ అందరూ క్షేమం.

ఇట్లు
అక్క


ఆగస్టు 20

నా బంగారు అక్కా,

నీ ఉత్తరం చూసి మురిసిపోయాను. ఎంత పొందికగా రాశావు! నేను రెండు పేజీల్లో చెప్పలేనిది నువ్వు నాలుగు ముక్కల్లో చెప్పేశావు. "నీకు చేతులున్నాయి." ఆహా! ఇంతకాలం నిన్ను టైలరనుకున్నాను.

అంతేకాదు, మొన్న క్లాసులో "పెంచినవాళ్ళలో మార్పు" అనే పాఠం వచ్చింది. ఎవరైనా ఉదాహరణ చెబుతారా అని లెక్చరరుగారు అడిగారు. నేను లేచి నీ ఉత్తరం చదివాను. ముప్ఫైమంది విన్నారు. "మీ అక్కగారు చాలా ఎదిగారమ్మా" అన్నారాయన. నీ తరఫున నేనే కూర్చుని సిగ్గుపడ్డాను.

పదకొండు మీద సగం రిపోర్టు ఇచ్చేశాను. "కింది తరగతిలో ఇంకో ఏడాది" అని రాశాను. దాన్ని చూసి పెద్ద టీచరుగారు వాళ్ళింటికి ఒక చీటీ పంపారు: పిల్ల పనులు పిల్లే చేసుకోవాలి, ఎవరూ ముట్టుకోవద్దు, నెలన్నర తర్వాత మళ్ళీ చూస్తాం అని. చీటీలో రెండు వాక్యాలు నావే, యథాతథంగా! అచ్చులో నా పేరు చూసుకున్నట్టుంది. పేరు లేదనుకో.

పిల్లకు కాస్త కష్టమే. ఇప్పుడు తనతో ఉన్నవాళ్ళంతా పైకి వెళ్ళిపోతారు, అది మూడేళ్ళవాళ్ళతో ఉండిపోతుంది. కాని మందు చేదుగానే ఉంటుంది కదా.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నాకు మాత్రం స్వెట్టరు అలవాటైపోయింది.

నిన్ను చూసి గర్వపడే
చెల్లెలు


ఆగస్టు 29

ఒసేయ్,

ముప్ఫైమంది ముందు చదివావా? నేను నీమీద కోపంతో రాసిన ఉత్తరాన్ని, నేను ఎదిగానని చెప్పుకుంటూ చదివావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది. మీ బావ ఆ ముక్క విని నవ్వి నవ్వి మంచినీళ్ళు తాగాల్సొచ్చింది. నేను నవ్వలేదు.

ఆ అన్నయ్యకి ఏడేళ్ళన్నావు. నువ్వు పుట్టినప్పుడు నాకు పది. వాడికన్నా మూడేళ్ళు పెద్దదాన్ని, కాబట్టి నన్ను ఇంకో మూడు వాక్యాలు ఎక్కువ తిట్టు. అమ్మ డ్యూటీకి వెళ్తూ నిన్ను నా ఒళ్ళో పెట్టి, "పడేయకు" అంది. అదొక్కటే నాకిచ్చిన ట్రైనింగు. పడేయలేదు. ఒక్కసారి పడేశాను, అమ్మకి ఇప్పటికీ తెలియదు, నీకూ ఇప్పుడే తెలిసింది. ఈ తెలివంతా ఆ దెబ్బ వల్లేనేమో. నాకు పద్ధతి తెలియదు, నిజమే. నువ్వు ఏడిస్తే ఎత్తుకున్నాను, ఆకలేస్తే పెట్టాను. నీకు చేతులున్నాయని తోచలేదు, ఎప్పుడు చూసినా అవి నా మెడ చుట్టూ ఉండేవి.

సరే, నా సంగతి వదిలెయ్. ఆ పిల్ల సంగతి చెప్పు. అసలు వాళ్ళింటికి వెళ్ళావా? ఒంటికి కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరిస్తే, ఎంత నాణ్యమైన కత్తెరైనా గుడ్డే పాడవుతుంది. అది నలుగురికి బొత్తాలు పెడుతుందని నువ్వే రాశావు కదా. ఎదుటివాళ్ళ బొత్తం పెట్టడం తేలికా, తన బొత్తం పెట్టుకోవడం తేలికా? టైలర్నే, నన్నడుగు. తిరగేసి పెట్టాలి, వాళ్ళు కదులుతుంటారు, గిలిగింతలంటారు. అది వచ్చినదానికి ఇది రాదా?

నువ్వు రిపోర్టు రాసింది ఒక పిల్ల మీద. ఆ కాగితం పోయి తగిలింది ఎనిమిదిమంది ఉన్న ఇంటికి. నీకు వాక్యం కుదిరింది, వాళ్ళకి దెబ్బ తగిలింది.

ఇంకా కోపంగానే ఉన్న
అక్క

ఈ ఉత్తరం క్లాసులో చదవకు.


సెప్టెంబర్ 12

అక్కా, అక్కా, అక్కా,

మూడుసార్లు ఎందుకంటే, మొదటి రెండూ చూసి కాగితం మడిచేస్తావేమోనని.

ఆ వాక్యం రాసేటప్పుడు నువ్వు నాకు గుర్తే రాలేదు. ఒట్టు. అదే నా తప్పు. చెల్లెల్ని మోసిన అక్కల గురించి, అన్నల గురించి ఊరందరికీ తెలిసేలా రాస్తూ, నన్నెవరు మోశారో మరిచిపోయాను. గురివిందగింజ కూడా నాకన్నా నయం, దానికి కనీసం అద్దం లేదు.

నువ్వు చెప్పినట్టే ఆ ఇంటికి వెళ్ళాను, పొద్దున్నే, బడికి ముందు. రెండు గదులు, మధ్యలో సన్నటి నడవా. ఆ నడవాలో ఒక వరస కట్టి ఉంది. ముసలామె గోడకానుకుని కూర్చుని కోడలి జడ అల్లుతోంది. కోడలు తన ముందున్న ఆడపడుచు జాకెట్టు కొక్కేలు పెడుతోంది. ఆడపడుచు తన ముందున్న ఏడేళ్ళ అన్నయ్య తల దువ్వుతోంది. ఆ తర్వాత ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఖాళీకి అవతల రెండేళ్ళ బుడ్డోడు చొక్కా తెరుచుకుని నిలబడి ఉన్నాడు. వాడికెవరూ బొత్తాలు పెట్టట్లేదు. ఖాళీకి ఇవతల అన్నయ్య రెండు చేతులూ వేలాడేసుకుని నిలబడ్డాడు. ఆ ఖాళీలో ఉండాల్సింది నా పదకొండు. అది మూలన ఒక్కతే కూర్చుని, తన బొత్తాలు తాను పెట్టుకుంటోంది. ఎవరూ దానివైపు చూడకుండా జాగ్రత్తపడుతున్నారు. నా చీటీ అద్దం పక్కన అంటించి ఉంది.

ముసలామె అంది: "రామ్మా టీచరమ్మా. మీరు చెప్పినట్టే చేస్తన్నాం, ఎవరం ముట్టుకోవట్లేదు. పిల్ల అన్నం కూడా మానేసింది, అయినా ముట్టుకోలేదు. ఒక్క మాట అడగనా? అది బళ్ళో ఏం తప్పు చేసింది?"

"తప్పేం లేదండీ" అన్నాను.

"మరి ఎందుకు విడదీశారు?"

స్వావలంబన గురించి చెబుదామని నోరు తెరిచాను. రెండు నెలలుగా మెట్లమీద వల్లించిన మాట.

ఈలోగా ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "ఇంత ఎండలో ఆ స్వెట్టరేంటమ్మా? ఒంట్లో బాలేదా?" అక్కా, ఇప్పుడు నీకు నిజం చెప్పాలి. నువ్వు కుట్టిన వెనక బొత్తాల్లో నా చేతికి అందేవి రెండే. మిగతా నాలుగూ జూలై నుంచి తెరిచే ఉన్నాయి. అందుకే స్వెట్టరు. ఎర్రటి ఎండలో చెమటలు కక్కుతూ, ఒక నాలుగేళ్ళ పిల్లకు బొత్తాలు పెట్టుకోవడం రాదని రిపోర్టు రాశాను. ముసలామె స్వెట్టరు లాగేసి, వెనక చూసి, "అయ్యో రామ" అని ఒక్క మాట అంది. భుజం పట్టి నన్ను కూర్చోబెట్టి నాలుగూ పెట్టేసింది. పెట్టి, "జడ కూడా వంకరగానే ఉందే" అని అదీ విప్పేసింది. నేను దూడలా కూర్చున్నాను. మూలనుంచి పదకొండు నన్నే చూస్తోంది. దానికి మనుషులు లేకుండా చేసి, నేను దాని చోట్లో కూర్చున్నానక్కా.

మళ్ళీ పరీక్ష ఇంకో మూడు వారాలకి. ఆ చీటీ చించేయమని నేను చెబితే పెద్ద టీచరుగారి మాట కాదన్నట్టు. చెప్పకపోతే ఆ పిల్ల మూలనే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ పామూ నేనే.

తల ఎత్తుకోలేని, కాని జడ బాగున్న
నీ చెల్లెలు


సెప్టెంబర్ 19

చిన్నదానా,

స్వెట్టరు ముక్క చదివి మిషన్ ఆపేశాను. రెండు నెలలూ వేసుకున్నావా? ఎండలో? వెనక బొత్తాలు నాకు అందకపోతే మీ బావ పెడతాడు, నీకెవరు పెడతారన్నది నాకు తోచనేలేదు. మొత్తానికి ఈ తప్పులో నాకూ వాటా ఉంది. ఆ ముసలామెకి నా నమస్కారం చెప్పు.

పాము, కప్ప కథలు కట్టిపెట్టి పెద్ద టీచరు దగ్గరికి వెళ్ళు. "తప్పు కత్తిరించాను" అని చెప్పడానికి నాకు మొదట్లో ప్రాణం పోయేది. ఒకసారి ఒకావిడ చొక్కాకి రెండూ కుడిచేతులే వచ్చాయి. రెండు రోజులు దాచాను. మూడోరోజు చెబితే, "ముందే చెబితే ఇంకో గుడ్డ తెచ్చేదాన్ని కదమ్మా" అంది. అంతే. ఆలస్యమే ఎక్కువ నష్టం.

నేను వచ్చి పక్కన నిలబడనా? వద్దులే. అది నువ్వే చెప్పాలి. చెప్పాక మాత్రం వెంటనే నాకు రాయి.

కోపం తగ్గిన
అక్క


అక్టోబర్ 3

అక్కా,

చెప్పేశాను.

పెద్ద టీచరుగారి గదిలో గోడనిండా పిల్లల ఎత్తు గీతలు. వాటి ముందు నేను రెండో గీతంత అయిపోయాను. "మేడమ్, నేను తప్పు రాశాను" అన్నాను.

"ఏ ప్రశ్నకి?"

"ప్రశ్నకి కాదండీ. పిల్లకి."

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూశారు. "ఉపన్యాసం వద్దమ్మా. పిల్లను పిలువు."

స్టూలు మీద చొక్కా పెట్టారు. పదకొండు చొక్కాని చూసింది, నన్ను చూసింది. గడ్డం పైకెత్తలేదు. చొక్కా తొడుక్కుని, కిందినుంచి పైకి ఐదు బొత్తాలూ టకటకా పెట్టేసింది, నాలుగో నంబరు కన్నా తొందరగా. వేళ్ళవైపు చూడను కూడా లేదు.

"ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నారు పెద్ద టీచరుగారు.

"నా చిన్నప్పుడు."

ఆవిడ నవ్వు ఆపుకున్నారు. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టుకోలేదు?"

ఇంత పెద్దవాళ్ళకు ఇది కూడా చెప్పాలా అన్నట్టు చూసింది. "నేనే పెట్టేసుకుంటే అన్నయ్యకి పనేముంటుంది?"

"బళ్ళో అన్నయ్య లేడుగా?"

"ఇక్కడ వేరేవాళ్ళు ఉన్నారుగా. వాళ్ళు మాకు పెడతారు, మేం వాళ్ళకి పెడతాం." నావైపు తిరిగింది. "టీచర్, ఇంకా నామీద కోపంగా ఉందా?"

నోటుబుక్కులో నూటనలభై మాటలున్నాయక్కా. ఒక్కటీ పనికిరాలేదు. తల మాత్రం అడ్డంగా ఊపాను.

పెద్ద టీచరుగారు పట్టిక తిరగేశారు. "దీనికి ఇందులో గడి లేదు" అన్నారు. "పక్కన ఖాళీ ఉందండీ" అన్నాను. "రెండు లైన్లు. మూడోది రాశావంటే కొట్టేస్తాను." ఇలా రాశాను: "తన పనులన్నీ తాను చేసుకోగలదు. కొన్ని ఇతరుల కోసం మిగులుస్తుంది." ఆవిడ చదివి సంతకం పెట్టారు. పదకొండు తనవాళ్ళతో పాటే పైతరగతికి వెళ్తోంది. ఇంటికి ఇంకో చీటీ వెళ్ళింది: "పాత చీటీ రద్దు. మీ ఇంటి పద్ధతి మీరు కానివ్వండి." నా రిపోర్టుకి సగం మార్కులే వచ్చాయి. పక్కన ఎర్రసిరాతో "గమనింపు ఆలస్యం" అని రాశారు. న్యాయమే.

సాయంత్రం లెక్చరరుగారిని అడిగాను, ఆ పట్టిక ఎవరు తయారుచేశారని. ఎవరి గదిలో వాళ్ళు పడుకునే ఇళ్ళని చూసి తయారుచేశారట. అక్కడ అది సరైన కొలతేనట. దాంతో నాలుగో నంబరు ఇల్లు కూడా చూద్దామని వెళ్ళాను. ఆ తల్లి పిల్లవాణ్ణి గాలికి వదిలేసి ఉంటుందని మళ్ళీ ఒక వాక్యం తయారుచేసుకునే వెళ్ళాను, నాకు బుద్ధెక్కడిది! వాడు గుమ్మంలో బూటుతాడు కట్టుకుంటున్నాడు. వాళ్ళమ్మ తలుపు వెనక నిలబడి, సాయానికి వెళ్ళకుండా తన రెండు చేతుల్నీ తానే పట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లబడేలా. ముడి పడగానే వాడికన్నా ముందు ఆవిడ ఊపిరి వదిలింది. ఆ ఇంట్లో ప్రేమకి అదీ చాకిరీ. నా వాక్యం చించేశాను.

ఇప్పుడు ఒక పాత దొంగతనం ఒప్పుకోవాలి. మన వీధి చివర పెద్ద రోడ్డు దాటడం నాకు రెండో తరగతిలోనే వచ్చు. నీకు జ్వరమొచ్చిన రోజు పక్కింటావిడతో వెళ్ళమన్నావు కదా. ఆవిడ కోసం చూడకుండా నేనొక్కదాన్నే దాటేశాను. బస్సులు, లారీలు చూసుకునే దాటాను. భయం వెయ్యలేదు. అయినా ఐదో తరగతిదాకా "భయమక్కా" అంటూ రోజూ నీ చెయ్యి పట్టుకున్నాను. వచ్చని చెబితే నువ్వు మిషన్ వైపు తిరిగి కూర్చుంటావు, ఇక నావైపు తిరగవని. నీ పొద్దుటిపూటలన్నీ మూడేళ్ళు కాజేశాను. పదకొండుకైనా అన్నయ్య మీద జాలి ఉంది. నాది ఒట్టి స్వార్థం. క్షమిస్తావా?

నీ
దొంగ చెల్లెలు


అక్టోబర్ 10

నా పిచ్చితల్లీ,

పదకొండు పైతరగతికి వెళ్ళిందని చదివి ముందుగదిలో గట్టిగా అరిచాను. కొలతలిస్తున్న ఆవిడ అదిరిపడింది. ఆవిడకి మొదటినుంచీ చెప్పాల్సొచ్చింది. ఇప్పుడు ఈ వీధిలో పిల్లలకి బొత్తాలు పెట్టాలా వద్దా అని రెండు వర్గాలయ్యాయి.

నీ దొంగతనం సంగతి. ఆ జ్వరం రోజే నాకు తెలిసిపోయింది. నిన్ను తీసుకెళ్ళాల్సిన పక్కింటావిడే పదిగంటలకి నన్ను చూడ్డానికొచ్చి, "మీ చెల్లి నాకోసం ఆగనేలేదు, ఎప్పుడో వెళ్ళిపోయిందట" అంది. ముందు గుండె గుభేలుమంది. తర్వాత గర్వమేసింది. ఆ తర్వాత మళ్ళీ గుభేలుమంది. ఈసారి నీకోసం కాదు.

అప్పటికి నా చదువు ఆగిపోయి ఏడాది. ఇల్లు, వంట, మిషన్ నేర్చుకోవడం. నేను గుమ్మం దాటడానికి నిన్ను బడికి దింపడం తప్ప ఇంకో పని లేదు. నీకు రోడ్డు దాటడం వచ్చేస్తే నేనెలా దాటను? ఆ రోడ్డుకి అవతల మూలమీద గడియారాలు బాగుచేసే కొట్టొకటి ఉండేది. అందులో కంటికి భూతద్దం తగిలించుకుని ఒక సన్నటి మనిషి కూర్చునేవాడు. నిన్ను బళ్ళో దింపి వస్తూ అక్కడాగి టైమెంతయిందని అడిగేదాన్ని. కొట్టునిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపించేది. ఏది సరైనదో ఆయన చెప్పేసరికి పావుగంట పట్టేది. మూడేళ్ళు అడిగాను.

అందుకే నువ్వు "భయమక్కా" అన్నప్పుడల్లా, "అవునమ్మా, చాలా పెద్ద రోడ్డు" అనేదాన్ని. నా పొద్దుటిపూటలు కాజేశావనుకుంటున్నావా? నీ భయం లేకపోతే నాకు పెళ్ళే లేదే! నిన్ను నేను పెంచానో, నన్ను నువ్వు దాటించావో ఆ పట్టికలు రాసేవాళ్ళనే అడుగు.

ఈ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. కలం ఇటివ్వమంటున్నాడు.

నీ
అక్క

మరదలా,

ఆ జ్వరం రోజు నువ్వొక్కదానివే, అటూ ఇటూ చూసుకుని, దర్జాగా రోడ్డు దాటడం కొట్లోంచి నేనూ చూశాను. మీ అక్కకి ఇన్నేళ్ళూ చెప్పలేదు. చెబితే మర్నాటినుంచి ఆవిడ రాదేమోనని.

బావ